ఏ రెజిమెంట్ గొప్పది?

శ్రోతలకు నమస్కారం.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. చుట్టుపక్కల వాళ్ళు మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్ళారు, ఇప్పటికీ సైన్యంలో చేరుతూనే ఉన్నారు. ఆ ఊరనే ఏముంది, మన డెల్టాలో చాలా కాలువ గట్ల మీద తెల్లారకముందే ఆర్మీ ర్యాలీ కోసం పరుగు తీసే కుర్రాళ్ళు కనిపిస్తారు. 1.6 కిలోమీటర్ల పరుగు అవగానే, రెండు చెట్ల మధ్య కట్టిన ఇనుప పైపు పట్టుకుని పులప్స్. అరచేతులు బొబ్బలెక్కి ఉంటాయి. కాస్త ఊపిరి తిరిగిందో లేదో, ఫోన్లో చూసిన వీడియోల మీద వాదన మొదలవుతుంది. ఆర్మీలో పారాచూట్ కమాండోలైన పారా ఎస్ఎఫ్ గొప్పా, నేవీ వాళ్ళ మార్కోస్ గొప్పా? గూర్ఖాల ముందు మద్రాస్ రెజిమెంట్ నిలుస్తుందా?

కుర్రాళ్ళ ఉత్సాహాన్ని తప్పుపట్టను. కానీ ఇలాంటి తూకాల వల్లే ఒకప్పుడు తెలుగువాళ్ళకు పెద్ద అన్యాయం జరిగింది. అది వాళ్ళకు తెలియాలి.

పిఠాపురానికి దగ్గర్లోనే చందుర్తి ఉంది. 1758 డిసెంబరులో అక్కడ ఫ్రెంచివాళ్ళకూ ఇంగ్లిషువాళ్ళకూ యుద్ధం జరిగింది. విజయనగరం ఆనంద గజపతి రాజు ఇంగ్లిషువాళ్ళ పక్షాన ఉన్నాడు. ఇంగ్లిషు సేనాని ఫోర్డ్ దగ్గర తెల్ల సిపాయిలూ ఉన్నారు, మన దేశపు సిపాయిలూ ఉన్నారు. ఇంగ్లిషు పటాలం ఏపుగా పెరిగిన చేను చాటున పడిపోయి ఫ్రెంచివాళ్ళకు కనిపించలేదు. ఎదురుగా ఎర్రకోట్లు వేసుకున్న దేశీ సిపాయిలు కనిపించారు. కోటు రంగు చూసి వీళ్ళే తెల్లవాళ్ళనుకుని ఫ్రెంచివాళ్ళు తమ బలమంతా వాళ్ళ మీదికే తోలారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. గెలిచామనుకుని వరస తప్పి తరుముకొచ్చిన ఫ్రెంచివాళ్ళ మీద, చేను చాటు నుంచి అసలు ఇంగ్లిషు పటాలం పక్కవాటుగా కాల్పులు జరిపింది. అక్కడితో యుద్ధం తిరగబడింది. ఆ మొదటి దెబ్బ కాచుకున్నది మన దేశపు సిపాయిలేనని నేను గట్టిగా చెబుతాను.

మద్రాస్ రెజిమెంట్ తన పుట్టుకను ఆ 1758 నుంచే లెక్కపెట్టుకుంటుంది. భారత సైన్యంలో అంత పాత పదాతి రెజిమెంట్ మరొకటి లేదు.

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లిషువాళ్ళ లెక్కలు మారాయి. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్, ఆ తర్వాత దేశంలోని సైన్యమంతటికీ అధిపతి అయ్యాడు. ఉత్తరాది చలి ప్రాంతాలవాళ్ళు పుట్టుకతోనే యోధులనీ, దక్షిణాదివాళ్ళు మెత్తబడిపోయారనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకమే సర్కారు విధానమైంది. పంజాబీలకూ, గూర్ఖాలకూ తలుపులు తెరిచారు. తెలుగువాళ్ళను పదాతి దళాల్లోకి తీసుకోవడం తగ్గిస్తూ పోయారు. 1920ల నాటికి మద్రాసు పటాలాలు ఒక్కొక్కటిగా రద్దయ్యాయి. తాతముత్తాతలు యుద్ధాలు చేసిన ఇళ్ళలోనే మనవళ్ళను పనికిరారన్నారు. తీరా రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలకపోయేసరికి అదే మద్రాస్ రెజిమెంట్‌ను మళ్ళీ నిలబెట్టారు. ఆ బెటాలియన్లు బర్మాలో పోరాడాయి. 1965 పాకిస్తాన్ యుద్ధంలో సియాల్‌కోట్ వైపు మహారాజ్‌కే దగ్గర 4 మద్రాస్, అంటే ఆ రెజిమెంట్ నాలుగో బెటాలియన్, పోరాడింది. రాబర్ట్స్ మాట ఎంత తప్పో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక ఇప్పటి దళాల సంగతి. మార్కోస్ 1987లో పుట్టిన నౌకాదళ కమాండోలు. భీమిలి దగ్గర ఐఎన్ఎస్ కర్ణ వాళ్ళ స్థావరం. అందులో చేరాలంటే ముందు నేవీలో చేరాలి. ఎన్‌ఎస్‌జీ అంటే నేషనల్ సెక్యూరిటీ గార్డ్. అది అసలు రక్షణ శాఖలోదే కాదు, హోం శాఖ కింద పనిచేస్తుంది. బందీలను విడిపించడం, ఉగ్రవాదులను ఎదుర్కోవడం దాని పని. కొండ మీద నెలల తరబడి పోస్టు కాచే పదాతి బెటాలియన్‌కూ, రాత్రికి రాత్రి శత్రువు వెనక దిగి వచ్చే పారా టీమ్‌కూ పోలిక ఎక్కడ?

పోటీ ఉండకూడదని కాదు. రిటైరైన ఒక హవల్దారు గారిని కుర్రాళ్ళు ఇదే అడిగితే, "వేరే రెజిమెంట్‌తో పోటీ ఎప్పుడో గానీ రాదు బాబూ. మాకు రోజూ మా బెటాలియన్‌లోనే ఉన్న పక్క కంపెనీతోనే పోటీ. క్రాస్ కంట్రీలో వాళ్ళకంటే వెనకబడితే ఆ రాత్రి అన్నం సహించేది కాదు" అన్నారు. అలాంటి పోటీ మనిషిని గట్టిపరుస్తుంది.

కానీ యుద్ధంలో ఒక దళానికి ఇంకో దళం తోడు కావాలి. 1971 డిసెంబరు 11న మన 2 పారా బెటాలియన్ తూర్పు పాకిస్తాన్‌లోని, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లోని, టాంగాయిల్ దగ్గర పారాచూట్లతో దిగింది. ఢాకా వైపు వెనక్కి వెళ్తున్న పాకిస్తాన్ బలగాల దారి కోసేయడానికి పూంగ్లీ వంతెనను పట్టుకుంది. ఫోటోలన్నీ ఆ పారాచూట్లవే. అయితే అలా దిగిన దళం ఒంటరిగా ఎంతోసేపు నిలవడం కష్టం, నేల మీద నుంచి ఎవరో ఒకరు వచ్చి కలవాలి. ఉత్తరం నుంచి పోరాడుతూ వచ్చి కలిసింది 1 మరాఠా లైట్ ఇన్‌ఫంట్రీ. ఆ 2 పారా కూడా మొదట మరాఠా లైట్ ఇన్‌ఫంట్రీలోని మూడో బెటాలియనే. 1950ల్లో దాన్ని పారాచూట్ రెజిమెంట్‌లోకి తీసుకున్నారు. డిసెంబరు 16న ఢాకాలో ముందుగా అడుగుపెట్టింది 2 పారా. దానికి దారి సుగమం చేసినవాళ్ళలో కాలినడకన వచ్చిన ఆ మరాఠాలూ ఉన్నారు.

నమస్కారం.