గాడిద మోతకు ఒక దినారు

శ్రోతలకు నమస్కారం. ఘనా సామ్రాజ్యం అనగానే ఇవాళ్టి ఘనా దేశం గుర్తుకొస్తుంది. ఆ దేశం ఆ పేరు పెట్టుకున్నది 1957లో. పాత ఘనా అక్కడికి వాయవ్యాన వందల కిలోమీటర్ల దూరంలో, మౌరిటానియా, మాలి సరిహద్దు ప్రాంతంలో, సహారా ఎడారి దక్షిణపు అంచున ఉండేది. సోనింకే ప్రజలు దాన్ని వగదు అంటారు.

ఉప్పు ఉత్తరాన ఎడారి నడుమ నుంచి రావాలి. బంగారం దక్షిణాన, సెనెగల్, ఫలేమే నదుల మధ్య ఉన్న బంబుక్ సీమలో దొరికేది. ఘనా రాజు ఈ రెంటికీ మధ్య కూర్చుని సుంకం వసూలు చేశాడు.

ఆ లెక్క 1068లో స్పెయిన్‌లోని అరబ్ భూగోళవేత్త అల్-బక్రీ రాసిపెట్టాడు. ఆయన స్పెయిన్ దాటి వెళ్లలేదు గానీ, వెళ్లొచ్చినవాళ్ల మాటలు జాగ్రత్తగా పోగేశాడు. గాడిద మోత ఉప్పు లోపలికొస్తే ఒక బంగారు దినారు, బయటికి పోతే రెండు. రాగి మోతకు 5 మిస్కాళ్లు, ఇతర సరుకుకు 10. దినారైనా మిస్కాలైనా సుమారు నాలుగుంబావు గ్రాముల బంగారం. అంటే వంద గాడిదల ఉప్పు ఇటు వచ్చి అటు దాటితే 300 దినార్లు, కిలోంబావు బంగారం!

పోయేటప్పుడు రెట్టింపు ఎందుకు? దక్షిణానికి పోయేకొద్దీ ఉప్పు ధర పెరుగుతుంది, వర్తకుడు ఆ భారం మోయగలడు. తర్వాతి కాలపు ధరలు చూస్తే ఇది తెలుస్తుంది. సహారా నడుమ ఉన్న తఘాజా గనుల్లో ఉప్పును పెద్ద పలకలుగా కోసేవారు, ఒంటెకు రెండు పలకలు. ఇళ్లు కూడా ఉప్పు దిమ్మెలతోనే కట్టి, పైన ఒంటె తోళ్లు కప్పేవారు. 1352లో అటు వెళ్లిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా చెప్పిన ప్రకారం ఆ ఒంటె మోత ఎడారి దక్షిణపు అంచునున్న వలాటాలో 8 నుంచి 10 మిస్కాళ్లు, మాలి సామ్రాజ్యపు రాజధానిలో 20 నుంచి 30.

బంగారంలోనూ కిటుకుంది. గడ్డలన్నీ రాజువి, రజను మాత్రం జనానిది. గడ్డలు కూడా సంతకొస్తే బంగారం చవకైపోతుందని ఈ కట్టడి. రాజుకు రెండు లక్షల సైన్యమనీ, అందులో 40,000 మంది విలుకాండ్రనీ అల్-బక్రీ అంటాడు. అంకె కాస్త పెద్దదే అనుకున్నా, దారిని కాచే బలం లేకుండా సుంకం ఎవరూ కట్టరు.

చివరికి ఆ దారే ఘనా చేజారడం మొదలైంది. 1054లో అల్మొరావిదులు అనే ఎడారి బెర్బెర్ ముస్లింలు ఔదఘోస్త్ సంతపట్నాన్ని పట్టుకున్నారు. ఆ తర్వాత ఎగువ నైజర్ దగ్గర బూరే గనులు పైకొచ్చాయి, అవి ఘనా చేతికి అందనివి. 13వ శతాబ్దంలో బిడార్లు ఈశాన్యాన వలాటాకు మళ్లాయి. ఇబ్న్ బతూతా ఎడారి దాటి దిగింది కూడా ఆ ఊళ్లోనే.