బొచ్చె కిలో, కొర్రమీను కిలో ఒకటి కాదు

హోస్ట్: కైకలూరు వైపు గట్టు మీద నిలబడి చూస్తే చెరువు నీళ్లు పచ్చగా ఉంటాయి. ఆ పచ్చదనమే చేప అవుతుందంటారు. ఎలాగండీ?

అతిథి: ఆ పచ్చదనమంతా కంటికి విడిగా ఆనని మొక్కలండీ, వృక్ష ప్లవకాలు. చెరువు మీద పడ్డ ఎండలో అవి పట్టుకునేది నూటికి ఒక వంతు, అటూ ఇటూగా. మిగతా ఎండ చాలావరకు నీళ్లని వేడి చేసి పోతుంది. పట్టుకున్న ఆ కాస్త మీదే అందరూ బతకాలి. మొక్కల్ని సన్నటి నీటిపురుగులు, అంటే జంతు ప్లవకాలు తింటాయి. పురుగుల్ని బొచ్చె తింటుంది, బొచ్చె పిల్లని కొర్రమీను మింగుతుంది.

హోస్ట్: ఒకదాన్ని ఒకటి తినే ఈ వరసలో ఒక్కో మెట్టుకి శక్తిలో పది శాతమే పైకి వెళ్తుందని బడిలో చదివాం.

అతిథి: అది లెక్కకి వీలుగా ఉండే సగటు, ప్రకృతి నియమం కాదు. ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ అనే ఊటని హోవర్డ్ ఓడమ్ అనే పర్యావరణ శాస్త్రవేత్త కొలిచి 1957లో లెక్కలు ప్రచురించాడు. చదరపు మీటరుకి ఏడాదిలో మొక్కలు పట్టుకున్నది 20,810 కిలో కేలరీలు. వాటిని తినేవాటికి చేరింది 3,368. వేటాడేవాటికి 383. అన్నిటికన్నా పైనున్నవాటికి 21. ఒక మెట్టు దగ్గర పదహారు శాతం, ఇంకో మెట్టు దగ్గర అయిదు. పైదాకా చేరింది మాత్రం వెయ్యిలో ఒక్కటి.

హోస్ట్: మరి మిగతాదంతా ఏమైనట్టు?

అతిథి: కొంత ఎవరూ తినకుండానే చచ్చి అడుక్కి దిగుతుంది. కొంత తిన్నా అరగక పెంటగా పోతుంది. అరిగినదాంట్లో కూడా ఎక్కువ భాగం ఊపిరికీ ఈతకీ ఖర్చయి వేడిగా మారుతుంది. వేడైపోయింది ఇక ఏ మొక్కకీ పనికిరాదు. అడుగుకి చేరినది అలా కాదు, దాన్ని బ్యాక్టీరియా, బురద పురుగులు తింటాయి, వాటితో మోసు చేప బతుకుతుంది. పైన బొచ్చె, మధ్యలో శీలావతి, అడుగున మోసు కలిపి వదలడం వెనక ఉన్నది ఇదే. ఎంత తెలివైన పద్ధతో చూడండి.

హోస్ట్: కానీ కిలోన్నర గుళికల మేతకి కిలో చేప వస్తుందంటారుగా? అంటే మూడింట రెండొంతులు!

అతిథి: అక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. మేత పొడిది. చేపలో ముప్పావు వంతు నీరే. కిలో చేప ఎండబెడితే మిగిలేది పావుకిలో. కిలోన్నరకి పావుకిలో, అంటే ఆరో వంతు. అదే కొర్రమీనుకి చిన్న చేపలే మేతగా వేస్తే, కిలో పెరగడానికి నాలుగైదు కిలోలు కావాలి. ఆ చిన్న చేపల వెనక ఎన్ని పురుగులు, ఎంత పచ్చదనం ఖర్చయ్యాయో కూడా కలుపుకోవాలి. అందుకే మేత కొనకుండా చెరువులో పుట్టే తిండి మీదే చేపని పెంచాలనుకుంటే కొర్రమీను లెక్క కుదరదు.

హోస్ట్: ఇక్కడి ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు కూడా చేపలే తింటాయి కదా?

అతిథి: అవి వెచ్చటి నెత్తురు జీవులండీ. అరిగించుకున్న శక్తిలో పక్షి ఒంటికి పట్టేది ఒకటి రెండు శాతమే, మిగతాది చాలావరకు ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే. అన్ని పక్షులు బతకాలంటే కింద ఎన్ని చేపలుండాలో ఊహించండి.

హోస్ట్: చెరువులో రైతు ఎక్కడ దెబ్బతింటాడు?

అతిథి: పచ్చగా ఉంటే మంచిదని పేడా, ఎరువూ ఇంకా ఇంకా వేసేస్తే. పొద్దున పదింటికి చెయ్యి నిటారుగా మోచేతి దాకా ముంచండి. అరచెయ్యి అప్పుడప్పుడే కనపడకుండా పోతే సరిగ్గా ఉన్నట్టు. మణికట్టు మునగ్గానే మాయమైతే పచ్చదనం ఎక్కువైంది, ఎరువు ఆపాలి. ఎందుకంటే రాత్రి ఆ మొక్కలు కూడా ఊపిరి పీలుస్తాయి, ఆక్సిజన్ తయారు చెయ్యవు. తెల్లవారుజామున నాలుగింటికి బొచ్చెలు నోళ్లు తెరుచుకుని పైకొచ్చాయంటే నీళ్లలో ఆక్సిజన్ అయిపోతున్నట్టు.

హోస్ట్: అప్పుడేం చెయ్యాలి?

అతిథి: వెంటనే ఏరియేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు వెయ్యండి, లేకపోతే మోటారుతో నీళ్లు ఎత్తి చిమ్మించండి. ఆ పూట మేత వెయ్యకండి, అరిగించుకోవడానికీ ఆక్సిజనే కావాలి. మబ్బు పట్టి రెండ్రోజులు ఎండ లేకపోతే, చేప పైకి వచ్చేదాకా ఆగకుండా ముందే మేత సగానికి తగ్గించండి.