పాత పికప్ హెడ్‌లైట్ గుడ్డిగా వెలుగుతోందా? రిలే కిట్ కొనేముందు మీటర్ పెట్టి చూడండి | రెండు నెలల రివ్యూ

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. నా వెనక ఉన్నది మా చిన్నాయన పికప్, 2009 మోడల్. టమోటా ఉన్నన్ని రోజులు మదనపల్లె మార్కెట్‌కు, తర్వాత చీనీ కాయలకు తిరుగుతుంది. తిరిగేదంతా రాత్రిళ్లే. తెల్లవారేసరికి సరుకు మార్కెట్‌లో దిగాలి కాబట్టి ఈ బండికి బ్రేక్ ఎంత ముఖ్యమో హెడ్‌లైట్ కూడా అంతే ముఖ్యం.

ఈ రోజు రివ్యూ హెడ్‌లైట్ రిలే వైరింగ్ కిట్ మీద. రిలే అంటే కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్. రెండు నెలల కిందట 850 రూపాయలు పెట్టి తెచ్చాం. కిట్ గురించి చెప్పేముందు అది ఎందుకు కొనాల్సి వచ్చిందో చెప్పాలి.

ఒక రాత్రి ముదిగుబ్బ దాటాక ఎదురుగా వస్తున్న లారీ బాగా మీదికొచ్చేసి, చివర్లో పక్కకు తప్పుకుంది. ఆ డ్రైవర్ బండి ఆపి, దిగి వచ్చి అన్న మాట ఇది: "ఏమప్పా, ఒంటి లైటుతో వస్తాండావు, బైకనుకుంటి!" చిన్నాయన దిగి చూస్తే కుడివైపు లైటు వెలుగుతూనే ఉంది, కానీ ఎర్రగా, గుడ్డిగా. ఎదుటివాడికి కనబడింది ఎడమ లైటు ఒక్కటే. మనం రోడ్డుకు ఎడమవైపు పోతాం కదా, ఆ ఒక్క లైటు చూసి అంచున బైకు పోతోందనుకుంటారు. మన బండి వెడల్పంతా చీకట్లో ఉంటుంది. కుడి లైటు పోవడం ఎడమ లైటు పోవడం కంటే ప్రమాదం అని నేను గట్టిగా చెప్పేది అందుకే. ఆ రాత్రి సంగతి విన్నాక నాకు రెండు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మరుసటి రోజు అందరూ చేసేదే మేమూ చేశాం, బల్బు మార్చాం. తేడా లేదు. ఇంకో బల్బు. తేడా లేదు. అప్పుడు ఒక షాపులో 100/90 వాట్ల బల్బు వేసుకోమన్నారు. వేసిన నాలుగు రోజులకు బల్బు వెనక తగిలించే హోల్డర్ ఇలా అయింది. ఇదిగో, కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను. మూడు పిన్నుల్లో ఈ ఒక్క పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, బెల్లం పాకంలా కారి గట్టిపడింది. లోపలి ఇత్తడి రేకు నల్లబడి, పట్టు వదిలేసింది. వేలితో కదిపితే చూడండి, గిలక్కాయలా ఆడుతోంది. మీ బండి హోల్డర్ తీసినప్పుడు ముందు చూడాల్సింది ఈ రంగే. తెల్ల ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారిందంటే అప్పటికే అక్కడ వేడి మొదలైనట్టు.

లెక్క చెప్తాను. ఈ బండికి వచ్చే బల్బు హెచ్4, 60/55 వాట్లు. అంటే బ్రైట్‌కు 60, డిమ్‌కు 55. పన్నెండు వోల్టులకు 60 వాట్లంటే 5 ఆంపియర్లు. రెండు బల్బులకు 10. అదే 100 వాట్ల బల్బులైతే రెండింటికీ కలిపి దాదాపు 17 ఆంపియర్లు లాగుతాయి. కంపెనీ ఆ వైరు, ఆ స్విచ్ అంత కరెంటు కోసం పెట్టలేదు. వెలుగు తక్కువని వాట్లు పెంచితే జబ్బు వైరులో ఉండి మందు బల్బుకు వేసినట్టే.

మరి జబ్బు ఎక్కడుందో ఎలా కనుక్కోవాలి? చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. హోల్డర్ ఊడదీసి వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ పెడతారు, 12 చిల్లర చూపిస్తుంది, సప్లై బాగుందనుకుంటారు. మన జిల్లాలో డ్రిప్పు లేని తోట లేదు కాబట్టి ఇలా చెప్తాను. ఫిల్టర్ నిండా చెత్త పట్టి ఉన్నా సరే, అవతల గేట్ వాల్వ్ కట్టేసి ఉంటే గేజ్‌లో ప్రెషర్ నిండుగానే చూపిస్తుంది. వాల్వ్ తిప్పి నీళ్లు పారించండి, అప్పుడు తెలుస్తుంది చివరి చెట్టుకు చుక్క కూడా పోవడం లేదని. కరెంటుదీ అదే తీరు. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటర్ 12 చూపిస్తుంది. బల్బు వెలుగుతున్నప్పుడు కొలిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

కాబట్టి హోల్డర్ ఊడదీయకండి. బల్బుకు తగిలించే ఉంచి, ఇంజిన్ స్టార్ట్‌లో పెట్టి, బ్రైట్ వేయండి. మీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టండి. ముందు బ్యాటరీ మీద కొలవండి. మాకు 14.1 వచ్చింది, అంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగుంది. తర్వాత హోల్డర్ వెనక నుంచి, వైరు లోపలికి పోయే సందులో మీటర్ సూదులు దించి కుడి బల్బు దగ్గర కొలిచాం. 11.2. దారిలో 2.9 వోల్టులు మాయం.

ఇప్పుడు ఆ 2.9 ఎటు పోయిందో విడగొట్టాలి. మీటర్ ఎర్ర సూది బ్యాటరీ ప్లస్ మీద, నల్ల సూది హోల్డర్‌లో బ్రైట్ పిన్ను మీద. బల్బు వెలుగుతూనే ఉండాలి. వచ్చిన రీడింగే ప్లస్ దారిలో పోతున్న నష్టం. మాకు 1.3. తర్వాత నల్ల సూది బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర సూది హోల్డర్ ఎర్త్ పిన్ను మీద, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగిపోయే పిన్ను. 1.6 వచ్చింది! రెండూ కలిపితే లెక్క సరిపోయింది. బాగున్న బండిలో ఒక్కో వైపు అర వోల్టు లోపే ఉండాలి. ఎర్త్ వైపైతే ఇంకా తక్కువ ఉండాలి.

2.9 వోల్టులే కదా అనుకోకండి. ఫిలమెంట్ బల్బుకు వోల్టేజ్ పది శాతం తగ్గితే వెలుగు సుమారు ముప్పై శాతం పడిపోతుంది. మాకు ఐదో వంతు తగ్గింది, అంటే వెలుగు సగానికంటే కింద. కొత్త బల్బు వేసినా ఎర్రగా వెలిగింది అందుకే. ఇంకో మాట, ఆ ఎర్త్ దగ్గర 1.6 వోల్టులు, దాదాపు 5 ఆంపియర్లు అంటే ఎనిమిది వాట్ల వేడి. టంకం పెట్టే చిన్న ఐరన్ 25 వాట్లుంటుంది. అందులో మూడో వంతు వేడి రాత్రంతా ఒక స్క్రూ కింద కాలుతోందన్నమాట.

ఎర్త్ వైరు పట్టుకొని పోతే రేడియేటర్ పక్కన బాడీకి బిగించిన ఒక స్క్రూ దగ్గర తేలింది. విప్పితే చూడండి, ఇదీ ఆ లగ్గు, వైరు చివర స్క్రూకు బిగించే రేకు. పైన దుమ్ము, గ్రీజు కలిసి అట్టకట్టింది. కింద పచ్చటి చిలుము. దాని కింద బాడీ పెయింటు, పెయింటు కింద తుప్పు. మన దగ్గర వానలు తక్కువ, తుప్పు పట్టదులే అనుకుంటాం. కానీ వాటర్ వాష్‌లో ప్రెషర్‌తో కొట్టిన నీళ్లు ఈ సందుల్లోకే పోతాయి, ఆ మీద ఎర్రదుమ్ము పట్టి ఆరిపోతుంది. ముందు బ్యాటరీ మైనస్ విప్పి, ఉప్పు కాగితంతో రేకు మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు ప్రెస్ చేసి, నట్టు బిగించి, పైన కాస్త గ్రీజు రాశాం. అంతే. ఎర్త్ నష్టం 1.6 నుంచి 0.1కి దిగింది. బల్బు దగ్గర 12.6 వచ్చింది. ప్లస్ వైపు నష్టం మాత్రం 1.3 నుంచి 1.4కు కాస్త పెరిగింది. కంగారు పడలేదు, దారి తెరుచుకున్నాక కరెంటు ఎక్కువ పారుతుంది, అందుకే.

మీటర్ లేనివాళ్లు కూడా ఎర్త్ జబ్బును కొంతవరకు కళ్లతోనే పట్టొచ్చు. డిమ్‌లో ఉన్నప్పుడు డ్యాష్‌బోర్డ్‌లో బ్రైట్‌కు వచ్చే నీలం గుర్తు సన్నగా వెలుగుతోందా? ఒక పక్క డిమ్, బ్రైట్ రెండూ గుడ్డిగా వెలుగుతున్నాయా? ఎర్త్ తెగితే కరెంటు పల్లం వెతుక్కునే నీళ్లలా ఇంకో ఫిలమెంట్‌లోకి దూరి, అటు నుంచి తిరిగి వస్తుంది. రెండు వైపులా డిమ్ ఒక్కటే పోయిందంటే అది ఎర్త్ కాదు, డిమ్, బ్రైట్ మార్చే డిప్పర్ స్విచ్ వైపు చూడాలి. ఒక పక్క పూర్తిగా ఆరిపోతే ఆ పక్క ఫ్యూజు, హోల్డర్. రెండు పక్కలా మొత్తం ఆరిపోతే మెయిన్ సప్లై, లైట్ స్విచ్. వైర్ల రంగులు మాత్రం నేను చెప్పను. మోడల్‌కో రకంగా ఉంటాయి, మీ బండి వైరింగ్ బొమ్మ చూసుకోండి.

ఇక మిగిలింది ఆ 1.4. అది స్విచ్‌లో, పాత సన్నటి వైరులో పోతోంది. పాత బండ్లలో హెడ్‌లైట్ కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్‌లోంచే పోయి వస్తుంది. పదిహేనేళ్లు అలా పోతే లోపలి కాంటాక్టులు కాలి కార్బన్ పడతాయి. ఇక్కడ కిట్ పని మొదలవుతుంది. రిలే పెడితే బల్బు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరులో పోతుంది. స్విచ్ మోసేది రిలే కాయిల్‌కు కావలసిన కొద్దిపాటి కరెంటే, ఒక ఆంపియర్‌లో చిన్న వంతు. రిలే కింద నంబర్లుంటాయి: 30కి బ్యాటరీ సప్లై, 87 నుంచి బల్బుకు, 85, 86 కాయిల్‌కు. పాత హోల్డర్ వైరు ఈ కాయిల్‌కు వస్తుంది.

కిట్ పెట్టాక బల్బు దగ్గర 13.8. రెండు నెలల తర్వాత నిన్న రాత్రి మళ్లీ కొలిచాను, అదే 13.8. ఇది నాకు బాగా నచ్చింది. సిరామిక్ హోల్డర్లు గట్టివి, గంట వెలిగాక చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉన్నాయంతే. వైరు కూడా మోసం లేదు, రాగి నిండుగా ఉంది. బల్బు ఎక్కువ వోల్టేజ్‌లో వెలుగుతోంది కాబట్టి దాని ఆయుష్షు కొంత తగ్గుతుంది. నా దృష్టిలో అది పెట్టదగిన ఖర్చే.

నచ్చనివి రెండు. మొదటిది, రెండు బల్బులకూ కలిపి ఒకటే ఫ్యూజు ఇచ్చారు. రాత్రి ఒంటిగంటకు, మలుపులో ఆ ఫ్యూజు కొడితే రెండు కళ్లూ ఒకేసారి పోతాయి. నేను విడగొట్టి కుడికొకటి, ఎడమకొకటి 15 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టాను. పైగా వాళ్లిచ్చిన ఫ్యూజు బ్యాటరీకి మూరెడు దూరంలో ఉంది. ఆ మూరెడు వైరు ఎక్కడైనా రేకుకు రాసుకొని ఒలిచిపోతే ఆపేవాడు లేడు, నేరుగా మంటే. దాన్ని బ్యాటరీకి జానెడు దూరం లోపలికి జరిపాను. మీరు కిట్ కొంటే ఈ పని తప్పకుండా చేయించండి, ఎలక్ట్రీషియన్ వద్దన్నా వదలకండి.

రెండోది, కిట్ ఎర్త్ లగ్గులను అదే పెయింటు మీద, అదే తుప్పు మీద బిగించమన్నట్టు రెండు చిన్న స్క్రూలిచ్చారు. మేము ముందు కొలవకుండా కిట్ తెచ్చి పెట్టేసి ఉంటే ఆ 1.6 వోల్టుల నష్టం అక్కడే ఉండేది. 850 పోయేది, కుడి లైటు గుడ్డిదిగానే మిగిలేది. లెక్క చూడండి. 11.2 నుంచి 12.6కు రావడానికి అయిన ఖర్చు ఒక ఉప్పు కాగితం, ఒక లగ్గు. 12.6 నుంచి 13.8కు రావడానికి 850 రూపాయలు. ఎర్త్ ఒక్కటే చేశాక మీకు ప్లస్ వైపు నష్టం అర వోల్టు లోపు చూపిస్తే, కిట్ కొనకండి. ఆ డబ్బుతో రెండు మంచి 60/55 బల్బులు కొనుక్కోండి, గాజును వేళ్లతో ముట్టుకోకుండా వేయండి.

ఎల్ఈడీ బల్బు వేయొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. హెచ్4 ఫిలమెంట్ ఉన్న చోటును బట్టి ఈ రిఫ్లెక్టర్ చేశారు. చౌక ఎల్ఈడీల్లో వెలుగు ఆ చోటు నుంచి రాదు, చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లల్లో కొడుతుంది. నేను వేయను.

చివరగా బీమ్. పికప్‌లకు ఇదొక ప్రత్యేకమైన చిక్కు. వెనక సరుకు నింపితే స్ప్రింగు పట్టీలు కుంగి ముక్కు పైకి లేస్తుంది, బీమ్ కూడా పైకి లేస్తుంది. ఖాళీ బండికి సర్దిన లైటు లోడుతో ఎదుటివాళ్లకు డిమ్‌లోనూ బ్రైట్‌లాగే కొడుతుంది. అందుకే మామూలుగా వేసే లోడు ఎక్కించాకే గోడ ముందు నిలబెట్టి సర్దాలి. ఈ సాయంత్రం చీనీ బాక్సులు ఎక్కాయి. అదిగో, చిన్నాయన బండి గోడ ముందుకు తెచ్చాడు. డిమ్ వేశాడు. గోడ మీద కుడి లైటు వెలుగు పైఅంచు గీత ఎడమదానికంటే బెత్తెడు పైకుంది. స్క్రూ తిప్పుతున్నాను, చూడండి... దిగుతోంది... ఆ, ఇప్పుడు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి.