రాని ఇంటరప్ట్ కోసం ఎదురుచూపు

అందరికీ నమస్కారం.

ఈరోజు ఒకే ఒక్క బగ్ గురించి మాట్లాడతాను. వర్చువల్ మెషీన్‌లో, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో, నెట్‌వర్క్ గంటల తరబడి బాగానే నడుస్తుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు, సీపీయూ ఖాళీగా ఉంటుంది. ఇంటర్‌ఫేస్ దించి మళ్లీ లేపితే ఏమీ జరగనట్టు నడుస్తుంది. ఏం జరుగుతోందో చూద్దామని డ్రైవర్‌లో ఒక ప్రింట్ లైన్ పెట్టాను. బగ్ మాయమైంది. తీసేశాను, మళ్లీ వచ్చింది. ఆ వారమంతా టెన్షనే. కానీ జవాబు ఆ ప్రింట్ లైన్‌లోనే ఉందని తర్వాత తెలిసింది.

రస్టీ రసెల్ మొదలుపెట్టి, తర్వాత ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రచురించిన వర్టియోనే ఉదాహరణగా తీసుకుంటాను. వర్చువల్ మెషీన్‌కు నెట్‌వర్క్, డిస్క్ లాంటి డివైస్‌లను అందించే పద్ధతి ఇది. గెస్ట్‌లో, అంటే వర్చువల్ మెషీన్‌లో, డ్రైవర్; హోస్ట్‌లో, అంటే దాన్ని నడిపే అసలు మెషీన్‌లో, డివైస్; మధ్యలో ఇద్దరికీ కనిపించే మెమరీలో రింగ్, అంటే గుండ్రంగా తిరిగి వాడుకునే గళ్ల వరుస. డివైస్ పని ముగించిన ప్రతిసారీ ‘యూజ్డ్ ఇండెక్స్’ అనే లెక్కను ఒకటి పెంచుతుంది. ప్రతిదానికీ ఇంటరప్ట్, అంటే డ్రైవర్‌ను లేపే సంకేతం, కొడితే ఖర్చు తట్టుకోలేం. అందుకే డ్రైవర్ ‘యూజ్డ్ ఈవెంట్’ అనే చోట ఒక అంకె రాసి పెడుతుంది. ఆ అంకె దాటినప్పుడు నన్ను లేపు, అప్పటిదాకా వద్దు అని దానర్థం.

నెట్‌వర్క్ ఆగిపోయాక మెమరీ నకలు, అంటే డంప్, తీసి చూసినప్పుడు యూజ్డ్ ఇండెక్స్ 4097 ఉంది. డ్రైవర్ చదివింది 4096 వరకే. యూజ్డ్ ఈవెంట్‌లో 4096 రాసి ఉంది. లెక్క ప్రకారం 4097కి ఇంటరప్ట్ రావాలి. రాలేదు.

ఎందుకో చూడండి. డ్రైవర్ 4096 వరకు చదివి, యూజ్డ్ ఈవెంట్‌లో 4096 రాసింది. ఆ రాత ఇంకా దాని ప్రాసెసర్ స్టోర్ బఫర్‌లోనే, అంటే మెమరీకి చేరేముందు రాతలు ఆగే చోటే, ఉంది; బయటికి కనిపించలేదు. ఈలోగా ఇండెక్స్ చదివితే 4096 అని వచ్చింది. కొత్త పని లేదనుకుని నిద్రపోయింది. సరిగ్గా అదే క్షణంలో డివైస్ ఇండెక్స్‌ను 4097 చేసి, యూజ్డ్ ఈవెంట్ చదివింది. దానికి కనిపించింది పాత విలువ, 4032. అది ఎప్పుడో దాటిపోయింది కాబట్టి ఇప్పుడు లేపనక్కర్లేదనుకుంది. ఎవరి లెక్క వారికి సరైనదే.

ఎక్స్86లో, అంటే ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో, ఇలాంటివి జరగవని చాలామంది నమ్మకం. జరుగుతాయి. రాతల వరుసను, చదువుల వరుసను ఎక్స్86 కాపాడుతుంది. కానీ ఒక చోట రాసి వెంటనే ఇంకో చోట చదివితే, చదువు ముందు జరిగిపోవచ్చు. మన కోడ్‌లో ఇద్దరూ చేసేది అచ్చంగా అదే.

సరే, తర్వాతి ప్యాకెట్ వస్తే లేస్తుంది కదా? అంకె బదులు ‘లేపు’ లేదా ‘లేపొద్దు’ అని మాత్రమే చెప్పే పాత ఫ్లాగ్ పద్ధతిలో అయితే లేస్తుంది. యూజ్డ్ ఈవెంట్‌లో అంకె రాసే మన ఈవెంట్ ఇండెక్స్ పద్ధతిలో లేవదు. ఇండెక్స్ 4098 అయినప్పుడు డివైస్ అడిగేది ‘4097 నుంచి 4098కి వచ్చేటప్పుడు 4096ను దాటానా’ అని. దాటలేదు, ముందే దాటేసింది. 256 గళ్ల రింగ్ అలా నిండిపోయి ఆగిపోతుంది. ఒక్క ఇంటరప్ట్ తప్పితే ఇక ఎప్పటికీ తప్పినట్టే.

పరిష్కారం చిన్నది. డ్రైవర్ అంకె రాయాలి, పూర్తి మెమరీ బారియర్, అంటే ముందున్న రాత బయటికి కనిపించాకే తర్వాతి చదువు జరగాలనే ఆదేశం, పెట్టాలి, ఇండెక్స్‌ను మళ్లీ చూడాలి. కొత్తది కనిపిస్తే నిద్ర మానేసి పనిలో పడాలి. డివైస్ ఇండెక్స్ రాయాలి, బారియర్ పెట్టాలి, ఆ తర్వాతే యూజ్డ్ ఈవెంట్ చదవాలి. రెండు వైపులా ఉండాలి. ఒక్క వైపే పెడితే లాభం లేదు. ఇలా చేస్తే ఇద్దరిలో కనీసం ఒకరికైనా ఎదుటివారి రాత కనిపించి తీరుతుంది. నా ప్రింట్ లైన్ చేసిన సాయం కూడా ఇదే. అది పట్టించిన ఆలస్యంలో స్టోర్ బఫర్ ఖాళీ అయ్యేది.

బారియర్ ఏది వాడుతున్నారో కూడా చూసుకోండి. లినక్స్‌లో ఎస్ఎమ్‌పీ బారియర్లు, అంటే ఒకటికి మించి ప్రాసెసర్లు ఉన్నప్పటి కోసం పెట్టినవి, ఒకే ప్రాసెసర్‌కని బిల్డ్ చేసిన గెస్ట్ కెర్నల్‌లో కేవలం కంపైలర్ బారియర్లుగా మిగులుతాయి. అవి కంపైలర్ వరుస మార్చకుండా ఆపుతాయి కానీ ప్రాసెసర్‌ను ఆపవు. గెస్ట్‌కు ఒకే ప్రాసెసర్ ఉన్నా హోస్ట్‌కు చాలా ఉంటాయి. అందుకే ‘విర్ట్’ అని మొదలయ్యే బారియర్లు విడిగా ఉన్నాయి.

టైమర్ పెట్టి అప్పుడప్పుడూ రింగ్ చూసుకుందాం అని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి. హ్యాంగ్ పోతుంది, దాని బదులు ఎవరికీ అంతుబట్టని ఆలస్యం వచ్చి కూర్చుంటుంది. అప్పుడిక వెతకడానికి డంప్‌లో ఆధారం కూడా మిగలదు.

ఇండెక్స్ 16 బిట్లదని కూడా గుర్తుంచుకోండి. 65535 తర్వాత సున్నా వస్తుంది. పెద్దదా చిన్నదా అని నేరుగా పోల్చితే అక్కడ మళ్లీ ఇంటరప్ట్ తప్పుతుంది. తీసివేసి, ఆ తేడాను 16 బిట్లకే కుదించి పోల్చాలి. ఇక లైవ్ మైగ్రేషన్, అంటే నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను ఇంకో హోస్ట్‌కు మార్చడం, తర్వాత చివరిసారి ఎక్కడ లెక్క చూశామో డివైస్‌కు తెలియదు. అలాంటప్పుడు లెక్కలు వేయకుండా ఒకసారి ఇంటరప్ట్ కొట్టేయాలి. అనవసరంగా ఒకసారి లేపితే పోయేదేమీ లేదు.