పిల్ల నోట్లో వేలు పెట్టి చూడండి: చలికాలంలో మేకలు, గేదెలు, కోళ్లు

[దృశ్యం: ఆదిలాబాద్ జిల్లాలో ఒక ఊరి చివర మేకల కొట్టం. డిసెంబరు, ఉదయం ఆరున్నర. చేల మీద పొగమంచు. లోపలి నుంచి దగ్గులు.]

నమస్కారం. ఆ దగ్గు విన్నారా? రాత్రి చలికి పట్టిందని అనుకుంటున్నారు కదూ. ఇది మూడేళ్ల కిందట మా కొట్టంలో తీసిన వీడియో. చలి తగలకూడదని నాలుగు వైపులా టార్పాలిన్ బిగించి, తలుపు సందుల్లో గోనెసంచులు కుక్కిన ఘనుణ్ణి నేనే. దగ్గు తెప్పించింది కూడా ఆ టార్పాలినే.

వెంట్రుకలు పొడిగా ఉండి, కడుపు నిండి ఉన్న పెద్ద మేక మన చలిని బాగానే తట్టుకుంటుంది. దానికి పడనివి రెండు: కింద తడి, లోపల నిలిచిన గాలి. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా బయటికి పోయే దారి లేకపోతే ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ఆ వెనకే న్యుమోనియా వస్తుంది. మీ కొట్టం ఎలా ఉందో తెలియాలంటే తెల్లవారుజామున లోపలికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చోండి. మేక ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో గట్టిగా గాలి పీల్చండి. నిలబడితే ఏమీ తెలియదు. కూర్చుంటే కళ్లు మండుతాయి. మేకలు రాత్రంతా పీల్చింది ఆ గాలినే.

[దృశ్యం: ఇప్పటి కొట్టం. కింది భాగం తడికెతో మూసి, పైన జాలీ వదిలి ఉంటుంది.]

ఇప్పుడు మేక వీపు ఎత్తు దాటేవరకు మూశాం. కప్పు కింద మూరెడు జాలీ వదిలేశాం. కింద వరిగడ్డి గానీ సోయా పొట్టు గానీ పరిచి, తడిసినంత మేర రోజూ ఉదయం తీసేస్తాం. కొట్టం లోపల మాత్రం నెగడు వేయకండి. పొగ ఒక నష్టం, ఎండుగడ్డి పక్కన నిప్పు ఇంకో ప్రమాదం.

[దృశ్యం: గడ్డిపోచ మీద మంచు బిందువు, బాగా దగ్గరగా.]

మంచు ఆరకముందు మందను తోలవద్దని పెద్దవాళ్లు అనేవారు. వారి మాటకు కారణం ఉంది. పెంటికల ద్వారా బయటపడిన నట్టల (కడుపులో ఉండే పురుగుల) పిల్లపురుగులు గడ్డి మీది తడిని పట్టుకుని పోచ పైకి పాకుతాయి. ఎండెక్కి తడి ఆరితే చాలావరకు గడ్డి మొదట్లోకి దిగిపోతాయి. కొమ్మలూ ఆకులూ తినే మేకకన్నా నేలబారుగా మేసే గొర్రెకు ఈ ముప్పు ఎక్కువ.

అయితే తొమ్మిదిన్నరకు తోలి, పొద్దుగూకే ముందే తిప్పుకొస్తే మేత చాలదు. ఆ లోటు సాయంత్రం కొట్టంలో తీర్చాలి. కంది పొట్టు, శనగ పొట్టు, వేరుశనగ కట్టె, ఏది దొరికితే అది. ఎండుమేత కడుపులో పులిసేటప్పుడు వేడి పుడుతుంది. రాత్రి నెమరు వేస్తున్న మేకకు కడుపులోనే కుంపటి ఉన్నట్టు.

నీళ్ల విషయం మనం పట్టించుకోం. రాత్రంతా తొట్టిలో ఉండి జిల్లుమనే నీళ్లను మేక మూతితో తాకి వదిలేస్తుంది. ఉదయం బోరు నీళ్లు గోరువెచ్చగా వస్తాయి, అప్పుడే పట్టి పెట్టండి. సంక్రాంతి అమ్మకానికని గింజలు దండిగా పెట్టి పెంచే మేకపోతులు నీళ్లు తక్కువ తాగితే మూత్రంలో రాళ్లు కట్టి ప్రాణం మీదికి వస్తుంది.

కోళ్లు గుడ్లు తగ్గించాయంటే జబ్బేమో అని కంగారు పడకండి, పగటి పొద్దు తగ్గడం వల్ల అలా జరుగుతుంది. గేదెలు ఎక్కువగా ఎదకు వచ్చే కాలం ఇదే. గేదె ఎద ఆవు ఎదలా బయటపడదు. అందుకే తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు మానం దగ్గర జిగట తీగలు కారుతున్నాయేమో చూడండి. డిసెంబరులో చూడి కట్టిన గేదె అక్టోబరులో ఈనుతుంది.

[దృశ్యం: రాత్రి. టార్చి వెలుగులో అప్పుడే ఈనిన మేక. తడిసిన పిల్ల.]

ఇక అసలు చలి బాధితురాలు ఇదిగో, రెండు కిలోలు కూడా లేదు. క్షణం క్రితం వరకు తల్లి కడుపులో దాదాపు 39 డిగ్రీల వెచ్చదనంలో ఉంది. ఇప్పుడు 8 డిగ్రీల గాలిలో, ఒళ్లంతా తడితో పడింది. ముందు ముక్కు, నోరు తుడవండి. తల్లిని నాకనివ్వండి. అది చాలకపోతే పొడి గోనెపట్టాతో ఒళ్లు రుద్దండి. బొడ్డును అయోడిన్‌లో ముంచండి. గంటలోపు ముర్రుపాలు, అంటే ఈనగానే వచ్చే తొలి పాలు, కడుపులో పడాలి. మేకపిల్లకు రోగాలను ఎదుర్కొనే శక్తి తల్లి కడుపులో ఉండగా అందదు, ఈ పాలతోనే అందుతుంది. రెండు కిలోల పిల్లకు మొదటి రోజు మొత్తం మీద కనీసం 200 మిల్లీలీటర్లు, మూడు నాలుగు సార్లుగా.

పిల్ల లేవడం లేదా? ఆత్రంగా పాలు పోయకండి. శుభ్రమైన వేలు దాని నోట్లో పెట్టి చూడండి. నోరు వెచ్చగా ఉండి వేలు చప్పరిస్తే పాలు పట్టవచ్చు. నోరు చల్లగా ఉంటే ఆ పిల్ల మింగలేదు. పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పొట్ట పక్కన పెట్టి, ముందు ఒంటిని వెచ్చబరచండి. పుట్టి ఐదారు గంటలైనా పాలు తాగక చల్లబడిపోయిన పిల్ల అయితే సొంత వైద్యం వద్దు. దాని రక్తంలో చక్కెర అయిపోయి ఉంటుంది. వెచ్చబరిచే ముందే గ్లూకోజ్ ఇంజెక్షన్ అవసరం పడవచ్చు, వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.

ఈ పిల్ల అదృష్టవంతురాలు, వేలు గట్టిగానే చప్పరించింది. రొమ్ములో మొదటి చుక్కలు పిండి పారేసి, రొమ్ము నోటికి అందించాం. పాలు దిగుతున్నాయా లేదా అని వంగి చూడక్కర్లేదు. వెనక నుంచి తోక చూడండి.

[దృశ్యం: తల్లి పొదుగు కింద పిల్ల. తోక చకచకా ఆడుతూ ఉంటుంది.]