గ్యాస్ ముందు, వేడి తర్వాత: జీసీ మీద నిమ్మతొక్క నూనె నడిపిద్దాం

నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల గుయ్యిమనే శబ్దం ఏసీది కాదు, జీసీ ఓవెన్ ఫ్యానుది. దాన్ని ఆపి రికార్డు చేద్దామంటే ఇక చూపించడానికి ఏమీ మిగలదు, అందుకని కొంచెం ఓర్చుకోండి.

ఈరోజు జీసీని, అంటే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌ని, మొదటి నుంచి సెట్ చేసి, ఒక శాంపిల్ నడిపి, మళ్లీ ఆపేదాకా చూపిస్తాను. ఆవిరైన శాంపిల్‌ని గ్యాస్‌తో ఒక సన్నని గొట్టం (కాలమ్) గుండా తోసి భాగాలుగా విడదీసే మెషీన్ ఇది. చివర డిటెక్టర్ ఒక్కో భాగాన్నీ పసిగట్టి, స్క్రీన్ మీది గీతలో ఒక్కో శిఖరంగా (పీక్) చూపిస్తుంది. శాంపిల్ మన ఊరిదే. పొదలకూరు మార్కెట్ నుంచి తెచ్చిన నిమ్మకాయల తొక్కని ఆవిరి పట్టి తీసిన నూనె. ఇదిగో, ఈ చిన్న సీసాలో ఉంది. మూత తీస్తే గదంతా వాసన. ముక్కుదాకా వస్తోందంటే అది ఆవిరవుతోందనే కదా. జీసీకి కావాల్సిందే అది.

చాలామంది పిల్లలు అడుగుతుంటారు, "సార్, రొయ్యల్లో యాంటీబయాటిక్స్ కూడా దీని మీద చూడొచ్చా?" అని. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివి నేరుగా ఎక్కిస్తే ఆవిరై రావు. వాటికి ఎల్‌సీ-ఎంఎస్ దారి వేరే ఉంది, అందులో శాంపిల్‌ని ఆవిరి చెయ్యకుండా ద్రవంలోనే నడుపుతారు. వేడి చేస్తే చెడకుండా ఆవిరయ్యేదే ఇక్కడికి తీసుకురండి.

ముందు సిలిండర్ దగ్గరికి వెళ్దాం. స్విచ్ మీద చెయ్యి వేయకండి, ఇటు రండి.

మా దగ్గర క్యారియర్ గ్యాస్, అంటే శాంపిల్ ఆవిరిని మోసుకుపోయేది, నైట్రోజన్. హీలియం అయితే రన్ త్వరగా అయిపోతుంది, కానీ దాని ధర వింటే గుండె గుభేలుమంటుంది. నైట్రోజన్ నిదానం, చవక, నేర్చుకునేవాళ్లకి చాలు. హై ప్యూరిటీ సిలిండరే తీసుకోండి. వెల్డింగ్ షాపువాళ్ల సిలిండర్ వద్దు. సిలిండర్‌కీ మెషీన్‌కీ మధ్య ఈ మూడు గొట్టాలు చూశారా? తేమనీ, ఆక్సిజన్‌నీ, హైడ్రోకార్బన్లనీ పట్టుకునే ట్రాప్‌లు. వీటి మీద మార్చిన తేదీ రాసి అంటించండి.

రెగ్యులేటర్ మీద రెండు గేజ్‌లు ఉంటాయి. ఒకటి సిలిండర్లో ఎంత మిగిలిందో, ఇంకోటి మెషీన్‌కి ఎంత పోతోందో చెబుతుంది. మనవాళ్లు ఈ ఒత్తిడిని కేజీల్లో చెబుతారు, అంటే చదరపు సెంటీమీటరుకి ఇన్ని కేజీలని. నిండు సిలిండర్ 140, 150 కేజీల దగ్గర ఉంటుంది. 30కి పడిందంటే మార్చేయండి. అడుక్కి వచ్చేకొద్దీ మలినం పెరుగుతుంది.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. శనివారం సాయంత్రం పెద్ద సీక్వెన్స్, అంటే వరసగా నడిచే రన్‌ల జాబితా, పెట్టి ఇంటికి పోయాను. గేజ్ చూశాను, ముల్లు కిందనే ఉంది. "ఈ రాత్రికి వస్తుందిలే" అనుకున్నాను. రాలేదు. గ్యాస్ అయిపోయింది, ఓవెన్ మాత్రం చెప్పిన ప్రకారం వేడెక్కుతూనే ఉంది. అది పాత మోడల్, గ్యాస్ లేకపోతే తనంతట తాను ఆగే ఏర్పాటు లేదు. సోమవారం వచ్చి చూస్తే బేస్‌లైన్, అంటే పీక్ లేనప్పుడు చదునుగా ఉండాల్సిన గీత, కొండెక్కినట్టు పైకి పోతోంది. హెల్పర్ కుర్రాడు స్క్రీన్ చూసి, "ఏంది సార్, గీత గోడెక్కతా ఉండాది" అన్నాడు. కొత్త కాలమ్, నెల కూడా కాలేదు. గాలిలో ఆక్సిజన్ తగిలి లోపలి పూత మాడిపోయింది.

చెరువులో రొయ్యకి ఆక్సిజన్ అందకపోతే చస్తుంది. కాలమ్‌కి వేడి మీద ఆక్సిజన్ తగిలితే చస్తుంది. అందుకే గ్యాస్ ముందు, వేడి తర్వాత.

సరే, సిలిండర్ తెరిచాం. ఇప్పుడు కాలమ్.

[కెమెరా దగ్గరగా: చుట్టగా ఉన్న కాలమ్]

ఇది 30 మీటర్లు, లోపలి వ్యాసం 0.32 మిల్లీమీటర్లు. చూడ్డానికి గాలం దారం చుట్టలా ఉంటుంది గానీ, లోపల బోలు. అసలు వస్తువు ఫ్యూజ్డ్ సిలికా, గాజు లాంటిదే. పైన గోధుమరంగు పూత పాలీఇమైడ్, అది ఉండబట్టే ఇలా వంగుతోంది. 1979లో ఈ రకం కాలమ్‌లు రాకముందు గాజు కాలమ్‌లు వాడేవారు, బిగించేటప్పుడే పుటుక్కుమనేవట. లోపల గోడకి 0.25 మైక్రాన్ల మందంలో 5 శాతం ఫినైల్ ఉన్న సిలికోన్ పూత. విడదీసే పనంతా ఆ పూతదే. చుట్టకి కట్టిన ట్యాగ్ మీద ఎంత వేడి దాకా పోవచ్చో రాసుంటుంది, దాన్ని దాటకండి.

బిగించే పని నిదానంగా చూడండి, సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి.

ముందు నట్ ఎక్కించండి, తర్వాత ఫెర్రుల్, అంటే సందు మూసే చిన్న రింగు. కాలమ్ కొన కొయ్యడం ఆ తర్వాతే. ఎందుకంటే ఫెర్రుల్ గ్రాఫైట్‌ది, ఎక్కించేటప్పుడు నల్ల పొడి కొన లోపలికి పోతుంది. కోసింది ముందా వెనకా అన్నదాన్ని బట్టి ఆ పొడి లోపల ఉంటుందా, బయట పడుతుందా తేలుతుంది. కోసేటప్పుడు ఈ సెరామిక్ బిళ్లతో ఒక్క గీత గీయాలి, రంపంలా ఆడించకూడదు. గీత పడ్డాక కొంచెం వంచితే టక్కున తెగుతుంది. ఇప్పుడు భూతద్దంలో కొన చూడండి.

[కెమెరా దగ్గరగా: రెండు కొనలు పక్కపక్కన]

ఎడమది నేను కావాలని చెడగొట్టింది, చెరకు నమిలినట్టు ఉంది. కుడిదాని అంచు నున్నగా, అడ్డంగా తెగింది. ఎడమదాన్ని బిగిస్తే పీక్‌లకి తోకలొస్తాయి. మీరు మెథడ్‌ని, అంటే మెషీన్‌కి పెట్టిన సెట్టింగులని, అనుమానిస్తూ రెండు రోజులు కూర్చుంటారు.

ఇంజెక్టర్లోకి, అంటే శాంపిల్ ఎక్కించే చోటికి, కొన ఎంత దూరం పోవాలన్నది మీ మెషీన్ మాన్యువల్లో ఉంటుంది, కంపెనీకో లెక్క. స్కేలుతో కొలిచి, ఆ చోట వైట్‌నర్ చుక్క పెట్టండి. నట్ బిగించేటప్పుడు కొన జరిగిందో లేదో ఆ చుక్కే చెబుతుంది. చేత్తో బిగుసుకున్నాక స్పానర్‌తో పావు మలుపు చాలు. బలం ఉంది కదా అని తిప్పితే ఫెర్రుల్ నలిగిపోతుంది. వెస్పెల్ అనే గట్టి ప్లాస్టిక్ కలిసిన ఫెర్రుల్ అయితే వేడెక్కి చల్లారాక వదులవుతుంది, మళ్లీ ఒకసారి బిగించాలి.

ఒక కొన బిగించాం. రెండో కొనని డిటెక్టర్‌కి అప్పుడే పెట్టకండి. ఇదిగో, ఈ చిన్న సీసాలో హెక్సేన్ పోశాను, కొన ముంచుతున్నాను. బుడగలు వస్తున్నాయి చూశారా, సన్నగా, వరసగా? గ్యాస్ పోతోందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. స్క్రీన్ మీద ఫ్లో 1 అని చూపించినా, బుడగ రాకపోతే నేను నమ్మను.

కొత్త కాలమ్‌ని కండిషన్ చెయ్యాలి. చల్లగా ఉండగానే అరగంట గ్యాస్ పోనివ్వండి, లోపలున్న గాలంతా బయటికి పోవాలి. తర్వాత నిమిషానికి 5 డిగ్రీల చొప్పున పెంచి, మీరు వాడబోయే గరిష్ఠ వేడికి 20 డిగ్రీలు పైన, ట్యాగ్ మీది హద్దు లోపల, గంటో రెండు గంటలో నిలపండి. ఒక హెచ్చరిక. ఈ టైములో డిటెక్టర్ వైపు రంధ్రం ఖాళీగా ఉంటుంది. హైడ్రోజన్ తెరిచి ఉంటే అది ఆ రంధ్రం గుండా ఓవెన్లోకి దిగుతుంది, వేడి ఓవెన్లో హైడ్రోజన్ పేరుకుంటే పేలుతుంది. హైడ్రోజన్ మూసెయ్యండి, రంధ్రానికి బిరడా పెట్టండి. ఈ ఒక్క విషయంలో "ఏం కాదులే" అన్నవాడిని నా ల్యాబ్‌లోకి రానివ్వను.

కండిషనింగ్ అయింది, ఓవెన్ చల్లారింది, రెండో కొన డిటెక్టర్‌కి బిగించాం అనుకోండి. సెట్టింగులు చూద్దాం.

ఇంజెక్టర్ 250 డిగ్రీలు, డిటెక్టర్ 280. కాలమ్ ఫ్లో నిమిషానికి 1 మిల్లీలీటరు. స్ప్లిట్ 50కి 1. అంటే పోసిన దాంట్లో కాలమ్‌లోకి ఒక పాలు, బయటికి యాభై పాళ్లు. అంత కష్టపడి తీసిన నూనెని పారబోస్తున్నామే అనిపిస్తుంది గానీ, కాలమ్ కడుపు చాలా చిన్నది. మొత్తం పోస్తే పీక్‌లన్నీ బండగా, ఒకదాని మీద ఒకటి పడతాయి. గ్యాస్ లెక్క కూడా వేసుకోండి: కాలమ్‌కి 1, స్ప్లిట్‌కి 50, సెప్టం పర్జ్‌కి, అంటే సూది గుచ్చే రబ్బరు బిళ్ల కింద ఊడ్చే గ్యాస్‌కి, 3, మొత్తం 54. మీ స్క్రీన్ మీద మొత్తం దీనికి దూరంగా ఉంటే ఎక్కడో లీకు ఉందని అర్థం. సబ్బునీళ్లు మాత్రం పుయ్యకండి, జాయింట్లలోంచి లోపలికి పీల్చుకుంటే వారంపాటు దయ్యం పీక్‌లు వస్తాయి. లీక్ డిటెక్టర్ ఉంటే అది వాడండి.

మన డిటెక్టర్ ఎఫ్‌ఐడీ (ఫ్లేమ్ అయొనైజేషన్ డిటెక్టర్), అంటే మంట. నిమిషానికి మిల్లీలీటర్లలో హైడ్రోజన్ 30, గాలి 300, మేకప్ నైట్రోజన్, అంటే డిటెక్టర్ దగ్గర అదనంగా కలిపేది, 25. డిటెక్టర్ 150 డిగ్రీలు దాటాకే వెలిగించండి. హైడ్రోజన్ మండితే పుట్టేది నీరే, చల్లగా ఉంటే ఆ నీరు లోపలే చేరి తుప్పు పట్టిస్తుంది. వెలిగేటప్పుడు చిన్న టప్ శబ్దం వస్తుంది. ఆ మంట కంటికి కనపడదు. అందుకే మెరిసే స్పానర్‌ని పైన గొట్టం మీద పెట్టి చూడండి. ఇదిగో, చలికాలం అద్దం మీద ఊదినట్టు చెమ్మ పట్టింది. వెలిగింది.

ఓవెన్ ప్రోగ్రాం: 60 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు, అక్కడి నుంచి నిమిషానికి 5 చొప్పున 160 దాకా, తర్వాత 20 చొప్పున 240 దాకా, చివర 4 నిమిషాలు. మొత్తం సరిగ్గా 30 నిమిషాలు. మన నెల్లూరు మే నెలలో ఏసీ లేని గదిలో పెడితే ఓవెన్ మళ్లీ 60కి దిగడానికే చాలాసేపు తీసుకుంటుంది. రోజుకి ఎన్ని రన్‌లు అన్న లెక్కలో ఆ చల్లారే టైము కూడా కలపండి. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ ఎంతసేపు లాగుతుందో కూడా ముందే తెలుసుకోండి.

శాంపిల్ సంగతి. నూనె 10 మైక్రోలీటర్లు, హెక్సేన్‌తో 1 మిల్లీలీటరుకి పలచన చేశాను. అంతకుముందు నూనెలో చిటికెడు ఎండు సోడియం సల్ఫేట్ వేసి తేమ తీశాను. ఆవిరి పట్టిన నూనెలో నీటిచుక్క తప్పకుండా ఉంటుంది. నీటికి ఎందుకంత భయం అంటారా? 1 మైక్రోలీటరు హెక్సేన్ ఇంజెక్టర్ వేడిలో, సుమారు 10 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర, 200 మైక్రోలీటర్ల ఆవిరవుతుంది. అదే 1 మైక్రోలీటరు నీరైతే దాదాపు 1400. లోపలున్న గాజు లైనర్ పట్టేది 1000కి కొంచెం తక్కువ. మిగతాది పొంగి గ్యాస్ లైన్లలోకి ఎదురు పోతుంది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డట్టే, తుడవడం మీ పని.

ముందు ఉత్త హెక్సేన్ ఎక్కించండి. ఈ బ్లాంక్ రన్‌లో హెక్సేన్ పీక్ తప్ప ఏమీ రాకూడదు. ఏదైనా వస్తే అది సెప్టందో, మురికి లైనర్‌దో, సిరంజిదో. సెప్టం అనేది ఈ చిన్న రబ్బరు బిళ్ల, సూది గుచ్చీ గుచ్చీ జల్లెడవుతుంది. 50 నుంచి 100 ఇంజెక్షన్ల మధ్య మార్చడం నా అలవాటు. వెల చాలా తక్కువ, మార్చడానికి ఆలోచించకండి.

బ్లాంక్ బాగుంది. ఇప్పుడు నూనె. 10 మైక్రోలీటర్ల సిరంజిని హెక్సేన్‌తో ఐదారుసార్లు, శాంపిల్‌తో రెండుసార్లు కడిగాను. 1 మైక్రోలీటరు తీసుకున్నాను. సూది పూర్తిగా దిగాక పిస్టన్ ఒక్క ఊపున నొక్కి, వెంటనే బయటికి లాగి, స్టార్ట్ నొక్కాలి. ప్రతిసారీ ఒకేలా చెయ్యాలి, చేతి నైపుణ్యం తేలిపోయేది ఇక్కడే.

[స్క్రీన్ రికార్డింగ్, వేగంగా]

మొదట వచ్చిన పొడుగాటిది హెక్సేన్, దాన్ని లెక్కలోంచి తీసేయండి. తర్వాత వరసగా నూనెలోని వాసన పదార్థాలు: ఆల్ఫా-పైనీన్, బీటా-పైనీన్, ఇదిగో మధ్యలో తాటిచెట్టులా నిలబడింది లిమోనీన్, దాని వెనకే గామా-టెర్పినీన్. ఇంకా దూరంగా ఆల్ఫా-టెర్పినియాల్. తొక్కని చల్లగా పిండి తీసిన నూనెలో అయితే సిట్రాల్ తాలూకు రెండు పీక్‌లు బాగా కనపడేవి. రసం కలిపి, ఆ పులుపులోనే ఆవిరి పట్టినప్పుడు సిట్రాల్ తగ్గి టెర్పినియాల్ పెరుగుతుంది. ఎవరైనా "చల్లగా పిండిన నూనె" అని అమ్మజూపితే ముందు ఈ రెండు చోట్లే చూస్తాను.

ఏ పీక్ ఏదో నేను వరస గుర్తుపెట్టుకుని చెప్పాను. మీరు మాత్రం స్టాండర్డ్, అంటే ఏదో ముందే తెలిసిన శుద్ధమైన పదార్థం, కొని, అదే మెథడ్‌లో నడిపి, టైము కలుస్తుందో లేదో చూసి పేరు పెట్టండి. స్క్రీన్ మీది ఏరియా శాతాన్ని బరువు శాతంగా రిపోర్టులో రాయకండి. ఎఫ్‌ఐడీ కార్బన్‌ని లెక్కపెడుతుంది, ఆక్సిజన్ ఉన్న సిట్రాల్ లాంటివాటిని తక్కువ చేసి చూపిస్తుంది. అసలు అంకె కావాలంటే ఇంటర్నల్ స్టాండర్డ్ వెయ్యాలి, అది ఇంకో వీడియో.

ఆపడం. ముందు మంట: హైడ్రోజన్, తర్వాత గాలి మూసెయ్యండి. ఓవెన్ 40కి, ఇంజెక్టర్, డిటెక్టర్ వేడి ఆఫ్. నైట్రోజన్ మాత్రం పోతూనే ఉండాలి. అన్నీ 100 కిందికి దిగేదాకా కుర్చీ వేసుకుని కూర్చోండి, టీ తాగండి. దిగాక మెయిన్ స్విచ్, అన్నిటికంటే చివర సిలిండర్. మూసేముందు గేజ్ చూసి, ఇదిగో ఈ పుస్తకంలో తేదీ, కేజీలు రాయండి. ఈరోజు 64.