పైవాళ్ల బాత్‌రూమ్, కిందవాళ్ల కప్పు

శ్రోతలందరికీ నమస్కారం.

మేముండేది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, పాత అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో. మూడేళ్ల కిందట డిసెంబరులో మా వంటింటి మూల, బాత్‌రూమ్ గోడకు ఆనుకుని, కప్పు మీద అరచేయంత తడి మచ్చ కనిపించింది. వారం తిరిగేసరికి పళ్లెమంత అయింది. ఆ తర్వాత చుక్కలు పడటం మొదలైంది. స్టవ్ పక్కన స్టీలు గిన్నె పెట్టాం. రాత్రిళ్లు ఆ టప్ టప్ శబ్దానికి నిద్ర పట్టేది కాదు.

పై ఫ్లాటులో రిటైరైన మాస్టారు ఉంటారు. ఆయనకు చెప్పమని మావారు వాచ్‌మన్‌ను పంపారు. "మా బాత్‌రూమ్‌లో చుక్క నీరు నిలవదు, మీ గోడే చూసుకోమన్నారు" అని కబురు తిరిగొచ్చింది. మావారికి కోపం వచ్చి మచ్చ ఫొటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అంతే, మాస్టారు లిఫ్టులో కనబడినా తల తిప్పుకోవడం మొదలుపెట్టారు.

ఆ రెండు పనులూ మేము చేయకుండా ఉండాల్సింది. వాచ్‌మన్ చేత పంపిన మాట పై అంతస్తు చేరేసరికి సగం మారిపోతుంది. గ్రూపులో ఫొటో పెడితే ఇరవై కుటుంబాల ముందు ఆ మనిషిని నిలబెట్టినట్టే. ఇక ఆయన "అవును, మా నీళ్లే" అని ఒప్పుకోవాలనుకున్నా ఒప్పుకోలేడు.

వారం ఆగి నేనే పైకి వెళ్లాను. "మాస్టారూ, తప్పు మీదని చెప్పడానికి రాలేదు. ఒక్కసారి కిందికి వచ్చి చూడండి" అన్నాను. వచ్చారు. కుర్చీ వేస్తే ఎక్కి, కప్పుకు చేయి ఆనించారు. చేయి తడిసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి అసలు సంగతి చెప్పారు. వాళ్లమ్మగారు మంచం మీద ఉన్నారట. ఆవిడ వాడగలిగేది ఆ ఒక్క బాత్‌రూమే. టైల్స్ పగలగొడితే పది పదిహేను రోజులు ఆవిడకు దారి లేదు, పైగా ఖర్చు ఎంతవుతుందో తెలియదు. ఇన్నాళ్లూ మేం పొగరనుకున్నది ఆయన భయం.

ఈ నీటి సంగతి కాస్త చెప్పాలి. చాలా అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ స్లాబును కిందికి దించి పోస్తారు. ఆ గుంతలో పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ పరుస్తారు. ఎక్కడో ఒక జాయింటు వదులైతే నీళ్లు ఆ ఇటుక ముక్కల్లో నిలిచి, దారి దొరికిన చోట కిందికి దిగుతాయి. అందుకే మచ్చ ఒకచోట ఉంటే లీకు మరోచోట ఉంటుంది. ముందే టైల్స్ మీద సుత్తి వేస్తే డబ్బు దండగ.

ప్లంబర్‌ను పిలిచి ముగ్గురం కలిసే చూశాం. మొదట రాత్రంతా ఆ బాత్‌రూమ్ నీళ్ల లైను వాల్వు కట్టేశాం. చుక్కలు తగ్గలేదు కాబట్టి కుళాయి పైపు బాగానే ఉందన్నాడు. తర్వాత నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్‌లో గుడ్డ కుక్కి, నేల మీద రెండంగుళాల నీళ్లు నింపి, బట్టలకు వాడే నీలిమందు కలిపాం. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. మర్నాటికి నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి, అంటే టైల్స్ బాగున్నాయి. గుడ్డ తీసి నీళ్లు వదిలాక, సాయంత్రానికి మా గిన్నెలో పడిన చుక్క లేత నీలంగా ఉంది. లీకు ట్రాప్ జాయింటులో! బాత్‌రూమ్ అంతా తవ్వక్కర్లేదు, ట్రాప్ చుట్టూ తీస్తే చాలు.

ఖర్చు గురించి అక్కడే, అప్పుడే మాట్లాడుకున్నాం. ట్రాప్ పని ఆయనది, మా కప్పు ప్లాస్టరింగు, పెయింటు మాది. పని జరిగిన ఆరు రోజులూ వాళ్లమ్మగారు మా ఇంట్లోనే ఉన్నారు.

అందరి విషయంలో ఇంత సులువుగా తేలదని నాకు తెలుసు. డాబా లీకు దగ్గరే ఎక్కువ గొడవలు. కారేది పై అంతస్తు వాళ్లకు, "మాకేం సంబంధం" అనేది కింది అంతస్తు వాళ్లు. సంబంధం ఉంది. ఒకరికే ప్రత్యేకంగా రాసిచ్చి ఉంటే తప్ప డాబా అందరి కప్పు. మన రాష్ట్రంలో అపార్ట్‌మెంట్ల చట్టం 1987 నాటిది, అది పునాదిని, స్తంభాలను, కప్పును ఉమ్మడిగానే చూస్తుంది. మీ సేల్ డీడ్ తీసి చూడండి, స్థలంలో మీ అవిభాజ్య వాటా ఎన్ని గజాలో రాసి ఉంటుంది.

పైగా మనది సముద్రం ఒడ్డు. ఉప్పుగాలి, తడి కలిసి కాంక్రీటులోకి దిగితే లోపలి చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది, పెచ్చులు ఊడుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పగిలిన పిట్టగోడలను కొన్నిచోట్ల పైపైన సిమెంటు పూసి వదిలేశారు. అలాంటి చోట తడి లోపలే తిరుగుతూ ఉంటుంది. పైన కారిన నీళ్లు స్తంభం వెంట దిగితే కింది ఫ్లాటుకూ క్షేమం కాదు. ఈ మాటను మీటింగులో వాదించి చెప్పేకన్నా, అందరినీ డాబా మీదకు తీసుకెళ్లి ఆ చువ్వ చూపించండి.

జూన్ నుంచి నవంబరు దాకా మనకు వాన భయమే. అందుకే మీటింగు సంక్రాంతికి ముందే పెట్టి, పండగ అయ్యాక పని మొదలుపెట్టాలి. ఇద్దరు మేస్త్రీల దగ్గర ఎస్టిమేట్లు రాతపూర్వకంగా తీసుకోండి. తీర్మానం అసోసియేషన్ మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించండి. ఓనరు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే వీడియో, ఎస్టిమేటు రెండూ పంపి, జవాబుకు ఒక తేదీ చెప్పండి.

అప్పటికీ కదలకపోతే స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి, నకలు దాచుకోండి. కొత్త భవనమైతే, స్వాధీనం ఇచ్చిన అయిదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాన్ని బిల్డరే ఉచితంగా సరిచేయాలని 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం చెబుతోంది. పాత భవనమైతే వెంటనే కోర్టుకెక్కక్కర్లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెడితే ఎదుటి వాళ్లను పిలిపించి రాజీకి కూర్చోబెడతారు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, కోర్టు ఫీజు ఉండదు. న్యాయసహాయం హెల్ప్‌లైను నంబరు 15100. గోడో సన్‌షేడో కూలేలా ఉంటే మాత్రం ఇవేవీ చూడకుండా కార్పొరేషన్‌కు రాసివ్వండి, ప్రమాదకరమైన కట్టడానికి నోటీసు ఇచ్చే అధికారం వాళ్లకుంది.

ఒక్కటి మాత్రం చేయొద్దు. డబ్బు కట్టలేదని ఎవరి ఇంటికీ నీళ్లు కట్టేయకండి. ఆ ఇంట్లో చంటిపిల్లలు ఉంటారు, మందులు వేసుకునే ముసలివాళ్లు ఉంటారు. న్యాయం మీ వైపు ఉన్నా, ఆ ఒక్క పనితో తప్పు మీదవుతుంది.

మా కప్పుకు వెంటనే పెయింటు వేయొద్దని మేస్త్రీ చెప్పాడు, పూర్తిగా ఆరాలట. మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేశాడు. తడి గీత దాటితే మళ్లీ పిలవమన్నాడు. ప్రతి ఆదివారం మాస్టారే కిందికి వచ్చి, కుర్చీ ఎక్కి, కళ్లజోడు సర్దుకుని ఆ గీత చూసేవారు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం కప్పుకు చేయి ఆనించి, "పొడిగా ఉందమ్మా, ఇక రంగు వేయించుకోండి" అన్నారు.

నమస్కారం.